బగ్‌జిల్లా నుంచి గిట్‌హబ్‌కి మారాలనుకుంటున్నాం: పాత బగ్ నంబర్లను ఏం చేయాలి?

పాళీసిరా
మేము కొందరం కలిసి నడుపుతున్న తెలుగు అక్షరదోష పరిశీలన లైబ్రరీ బగ్‌లన్నీ ఇప్పటికీ మా సర్వర్‌లో నడిచే బగ్‌జిల్లా అనే బగ్ నమోదు వ్యవస్థలోనే ఉన్నాయి. కోడ్ మాత్రం కొన్నేళ్ల క్రితమే గిట్‌హబ్ సైటుకి వెళ్లింది, పుల్ రిక్వెస్టులూ (కోడ్‌లో మార్పులు చేసి పంపే ప్రతిపాదనలు) అక్కడికే వస్తున్నాయి. దీనివల్ల ఒకే సమస్య మీద సగం చర్చ ఇక్కడ, సగం అక్కడ జరుగుతోంది. స్పామ్ బెడద భరించలేక బగ్‌జిల్లాలో కొత్త ఖాతాల నమోదును మూసివేయాల్సి వచ్చింది. ఎవరైనా మెయిల్ రాసి అడిగితే మేమే ఖాతా తెరిచి ఇస్తున్నాం. ఆ మాత్రం ఓపిక లేని కొత్తవాళ్లు బగ్ చెప్పకుండానే వెళ్లిపోతున్నారు. సర్వర్ సంగతులు తెలిసిన సభ్యుడు ఒక్కరే ఉన్నారు, ఆయన కూడా ఇక చూడలేనని చెప్పేశారు.

సుమారు నాలుగు వేల బగ్‌లు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం మూసివేసినవే. అన్నిటినీ గిట్‌హబ్ ఇష్యూలుగా (బగ్‌లను అక్కడ అలా అంటారు) మార్చాలా, తెరిచి ఉన్నవాటిని మాత్రమే తీసుకెళ్లాలా? పాత నంబర్లు నిలబడతాయా? మా బృందంలోనే దీని మీద రెండు పక్షాలు ఏర్పడ్డాయి కాబట్టి ఈ పని చేసినవారు, దగ్గర నుంచి చూసినవారు చెబితే మేలు.

రాత్రి_బిల్డ్
నిర్ణయం కంటే ముందు ఒక పని చేయండి. సోర్స్ కోడ్‌లోనూ, కమిట్ సందేశాల్లోనూ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పుతో పాటు రాసే వివరణ) బగ్ నంబర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి గ్రెప్‌తో వెతికి చూడండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నల్లేరు
మూసివేసిన బగ్‌లను మోసుకెళ్లడం వృథా శ్రమ అని నా అభిప్రాయం. బగ్‌జిల్లాను చదవడానికి మాత్రమే వీలుగా ఉంచేసి, కొత్త బగ్‌లను కొత్త చోట మొదలుపెట్టండి. జిగ్ ప్రోగ్రామింగ్ భాష వాళ్లు 2025 నవంబరులో గిట్‌హబ్ వదిలి, అలాంటిదే అయిన కోడ్‌బర్గ్‌కి వెళ్లినప్పుడు ఇష్యూలను మూటగట్టుకుని పోలేదు. పాతవి పాత చోటే తెరిచి ఉంటాయి, ఏదైనా ఒకదాని మీద మళ్లీ పని మొదలైతే అప్పుడు దాన్ని కొత్త చోట తెరుస్తారు. కొత్త చోట నంబర్లను 30000 నుంచి మొదలుపెట్టారు కాబట్టి, నంబరు చూడగానే అది ఏ వైపుదో తెలిసిపోతుంది. చిన్న బృందానికి ఇంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యే మార్గం లేదు.

పాళీసిరా
రాత్రి_బిల్డ్ గారు చెప్పినట్టు చూశాను. కమిట్ సందేశాల్లో నంబర్లు ఉంటాయని తెలుసు గానీ, కోడ్ వ్యాఖ్యల్లో ఇన్ని ఉంటాయని ఊహించలేదు. ఉదాహరణకు, పదం చివర విసర్గ వచ్చినప్పుడు దాన్ని తప్పుగా లెక్కించకుండా వదిలేసే ఒక షరతు ఉంది. దాని పైన "ఈ మినహాయింపు ఎందుకో బగ్ 1432 చూడండి, తీసేయకండి" అని మాత్రమే రాసి ఉంది. ఆ బగ్‌లో ముప్పైకి పైగా వ్యాఖ్యల చర్చ జరిగింది. అది కనబడకపోతే ఆ షరతు ఎందుకు పెట్టారో చెప్పగలవారు ఎవరూ మిగలరు.

ఇంకో ఇబ్బంది కూడా బయటపడింది. కమిట్ సందేశాల్లో హాష్ గుర్తు (#) పెట్టి రాసిన చిన్న నంబర్లను గిట్‌హబ్ ఇప్పటికే మా పుల్ రిక్వెస్టులకు లింకు చేసేస్తోంది. బగ్ 212 అని రాసినచోట నొక్కితే, దానితో ఏ సంబంధమూ లేని 212వ పుల్ రిక్వెస్టు తెరుచుకుంటోంది.

నల్లేరు గారు, జిగ్ వాళ్ల పాత ఇష్యూలు ఇంకొకరి సర్వర్‌లో ఉన్నాయి, దాని నిర్వహణ వాళ్ల మీద లేదు. మా బగ్‌జిల్లాను చూసుకునే మనిషే లేడన్నది మా సమస్య.

గోదారి_గట్టు
నంబర్ల విషయంలో నాకు బాగా నచ్చిన పద్ధతి వికీమీడియా వాళ్లది. 2014 నవంబరులో వాళ్లు బగ్‌జిల్లా నుంచి ఫ్యాబ్రికేటర్ అనే మరో వ్యవస్థకి మారారు, అందులో బగ్‌లను పనులు అంటారు. అప్పటికే ఫ్యాబ్రికేటర్‌లో ప్రయోగాత్మకంగా తెరిచిన కొన్ని పనులు ఉండటంతో పాత నంబర్లను ఉన్నవి ఉన్నట్టు వాడుకోవడానికి వీలు లేకపోయింది. అందుకని ప్రతి పాత నంబరుకూ 2000 కలిపారు. ఒకటో బగ్ టి2001 అయింది. లెక్క ఎవరికైనా నోటికి వస్తుంది, పట్టిక వెతుక్కోనక్కరలేదు. పాత బగ్‌జిల్లా చిరునామాను నొక్కితే నేరుగా కొత్త పనికి వెళుతుంది. తెలుగు వికీపీడియా రచ్చబండ పాత చర్చల్లో ఎవరైనా బగ్ లింకు ఇచ్చి ఉంటే అది ఈరోజుకీ తెరుచుకుంటుంది. దీనికి తోడు బగ్‌జిల్లా పేజీలను స్థిరమైన హెచ్‌టీఎంఎల్‌గా కూడా భద్రపరిచారు.

మనుషుల విషయంలోనూ అంతే శ్రద్ధ చూపారు. దిగుమతి చేసినప్పుడు వ్యాఖ్యలన్నీ ఒక యాంత్రిక ఖాతా పేరుతోనే వచ్చాయి. కానీ ఎవరైనా తమ పాత ఈమెయిలుతో ఫ్యాబ్రికేటర్‌లో ఖాతా తెరిచి ధ్రువీకరిస్తే, వారు రాసిన వ్యాఖ్యలు తిరిగి వారి పేరు మీదికి మారేవి. ఏళ్ల తరబడి ఉచితంగా పని చేసినవారికి అది చిన్న విషయం కాదు.

కమిట్_కామయ్య
నంబర్లు నిలబెట్టడం, వ్యాఖ్యలను రాసినవారి పేరు మీదికి మార్చడం, గిట్‌హబ్‌లో ఆ రెండూ కుదరవు. ఇష్యూలకూ పుల్ రిక్వెస్టులకూ ఒకే నంబర్ల వరుస ఉంటుంది, ఏ నంబరు ఇవ్వాలో మన చేతిలో ఉండదు. పైథాన్‌కి ఇదే జరిగింది. వాళ్లు తమ బగ్ ట్రాకర్‌ను (బగ్‌లు నమోదు చేసే వ్యవస్థ) 2007లో సోర్స్‌ఫోర్జ్ నుంచి రౌండప్‌కి, 2022 ఏప్రిల్‌లో రౌండప్ నుంచి గిట్‌హబ్‌కి మార్చారు. కోడ్ 2017లోనే గిట్‌హబ్‌కి వచ్చేసింది కాబట్టి, ఇష్యూలు వచ్చేనాటికి ఆ నంబర్లను పుల్ రిక్వెస్టులు ఆక్రమించేసి ఉన్నాయి. పాతవాటికి బీపీఓ (పాత ట్రాకర్ చిరునామా bugs.python.orgకు పొడి అక్షరాలు) అనీ కొత్తవాటికి జీహెచ్ (గిట్‌హబ్) అనీ ముందు చేర్చి రాయడం అలవాటు చేసుకున్నారు. పాత ట్రాకర్‌ను చదవడానికి మాత్రమే ఉంచి, ప్రతి పాత ఇష్యూ నుంచి కొత్తదానికి లింకు ఇచ్చారు.

ఆ మార్పును ప్రతిపాదించిన పత్రం, పెప్ 581, ఆమోదం పొందింది 2019లో. అంటే నిర్ణయానికీ అమలుకూ మధ్య దాదాపు మూడేళ్లు పట్టింది. మీరు ఒక వారాంతంలో అయిపోతుందని అనుకోకండి.

రాత్రి_బిల్డ్
కామయ్య గారు, "కుదరదు" అనేది కొంతవరకే నిజం. ఖాళీ రిపోజిటరీలో (గిట్‌హబ్‌లో ప్రాజెక్టు ఉండే చోటు) మొదటి బగ్ నుంచి వరుస తప్పకుండా దిగుమతి చేస్తే నంబర్లు యథాతథంగా వస్తాయి. మధ్యలో తొలగించిన బగ్‌లు ఉంటే వాటి స్థానంలో ఖాళీ ఇష్యూ ఒకటి పెట్టాలి. పాళీసిరా గారి రిపోజిటరీలో ఇప్పటికే పుల్ రిక్వెస్టులు ఉన్నాయి కాబట్టి అది సాధ్యం కాకపోవచ్చు గానీ, గోదారి_గట్టు గారు చెప్పిన "ఇంత కలుపు" పద్ధతి సాధ్యమే. చివరి పుల్ రిక్వెస్టు 899 అనుకుంటే, ఖాళీ ఇష్యూతో 900 వరకూ నింపి, ఆపైన వరుసగా పోస్తే ప్రతి బగ్‌కూ 900 కలిపితే చాలు. దిగుమతి జరుగుతుండగా బయటివాళ్లెవరైనా ఒక్క ఇష్యూ తెరిచినా అక్కడి నుంచి లెక్క తప్పుతుంది. ఆ సమయంలో సహనిర్వాహకులు తప్ప ఎవరూ రాయకుండా తాత్కాలికంగా కట్టడి చేసే సదుపాయం గిట్‌హబ్‌లోనే ఉంది, దాన్ని వాడండి.

బర్లిన్_నుంచి
అసలు గిట్‌హబ్‌కే ఎందుకు వెళ్లాలన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. గూగుల్ కోడ్ శాశ్వతమని నమ్మి ఇష్యూలన్నీ అక్కడ పెట్టుకున్న ప్రాజెక్టులకు 2015 మార్చిలో మూసివేత కబురు వచ్చింది, 2016 జనవరిలో సేవ ఆగిపోయింది. అలాంటిదే మరో సైటు గిటోరియస్ కూడా 2015లోనే పోయింది. 2019లో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని వారి గిట్‌హబ్ ఖాతాలకు పరిమితులు వచ్చాయి. ఇరాన్ వారికి పూర్తి సేవలు తిరిగి అందింది 2021లో. కోడ్‌కు ఈ భయం తక్కువ, ఎందుకంటే క్లోన్ చేసిన (పూర్తి నకలు తీసుకున్న) ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది. ఇష్యూలు అలా కాదు, అవి సేవ నడిపేవారి డేటాబేసులో మాత్రమే ఉంటాయి.

కోడ్‌బర్గ్‌ను నడిపేది బర్లిన్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంఘం. అది వాడే ఫోర్జెజో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కనుక, రేపు ఇబ్బంది వస్తే సొంత సర్వర్‌లోనైనా పెట్టుకోవచ్చు. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ వాళ్లు 2023 ఫిబ్రవరిలో ఫ్యాబ్రికేటర్ నుంచి సొంత సర్వర్‌లో పెట్టుకోగల గిటీకి మారినప్పుడు సర్వర్ తమదే కాబట్టి పాత పనుల నంబర్లన్నీ మార్చకుండా నిలబెట్టుకోగలిగారు.

నల్లేరు
బర్లిన్_నుంచి గారి ఆందోళన సరైనదే, కానీ సర్వర్ చూసుకునే మనిషి లేని బృందానికి సొంత సర్వర్ సలహా పనికిరాదు. మరో మాట కూడా చెప్పాలి. మారకపోవడం వెనకబాటు కాదు. మొజిల్లా, జీసీసీ, లిబ్రేఆఫీస్ నేటికీ బగ్‌జిల్లానే వాడుతున్నాయి. కేడీఈ తన కోడ్‌ను గిట్‌ల్యాబ్‌కి మార్చుకుని కూడా వాడుకరుల బగ్‌లను బగ్‌జిల్లాలోనే ఉంచింది. జాంగో వెబ్ ఫ్రేమ్‌వర్క్ కోడ్ 2012 నుంచి గిట్‌హబ్‌లో ఉన్నా టికెట్లు (బగ్‌లు) ట్రాక్ (Trac) అనే పాత వ్యవస్థలోనే ఉన్నాయి.

పాళీసిరా
అవన్నీ సర్వర్‌ను చూసుకునేవారు ఉన్న ప్రాజెక్టులు. మాకు ఆ వెసులుబాటు లేదు. కోడ్‌బర్గ్ గురించి బృందంలో ఆలోచించాం గానీ, పుల్ రిక్వెస్టులు పంపేవారిలో ఎక్కువమంది కళాశాల విద్యార్థులు. వారికి తెలిసిన చోటు గిట్‌హబ్. ప్రస్తుతానికి అక్కడికే వెళతాం, కానీ ఇష్యూల ప్రతిని క్రమం తప్పకుండా బయటికి తీసి దాచుకోవాలన్న మాట మాత్రం తప్పక పాటిస్తాం.

తంగేడు
మీ బగ్‌లలో తెలుగు పాఠం ఉంటుంది కాబట్టి ఇది శ్రద్ధగా చదవండి. ఇంగ్లీషు ప్రాజెక్టులవాళ్ల సూచనల్లో ఈ సంగతులు కనిపించవు.

మొదటిది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి. పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేసు స్థాపనల్లో పట్టికలు లాటిన్1గా (తెలుగు లేని పాత ఎన్‌కోడింగ్) ఉండి, అందులోకి యూటీఎఫ్-8 (తెలుగుకు వాడే యూనికోడ్ ఎన్‌కోడింగ్) బైట్లను అలాగే పోసిన సందర్భాలు చాలా ఉన్నాయి. పాత వెబ్ పేజీలో తెలుగు సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే తప్పుగా రాసింది తప్పుగానే చదివినప్పుడు రెండూ సరిపోతాయి. ఎగుమతి చేసిన రోజున బయటపడుతుంది. తెలుగు అక్షరం ప్రతిదీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది, వాటిలో మొదటి రెండూ దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. అందువల్ల పాడైన పాఠంలో నెత్తిన గీత ఉన్న లాటిన్ ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో కూడిక-తీసివేత గుర్తో వరసగా కనిపిస్తాయి. అలా కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, బైట్లు క్షేమంగా ఉన్నట్టే. పట్టికలోని ఆ నిలువు వరుసను ముందు బ్లాబ్‌గా (ఎన్‌కోడింగ్ లేని ముడి బైట్లు) మార్చి, అక్కడి నుంచి యూటీఎఫ్8ఎంబీ4 పాఠంగా మార్చితే తెలుగు తిరిగి వస్తుంది. నేరుగా మార్చితే తప్పు రెట్టింపవుతుంది. ప్రశ్నార్థకాలు మాత్రమే కనిపిస్తే ఆ పాఠం డేటాబేసులోకి వెళ్లేటప్పుడే పోయి ఉండవచ్చు. దాన్ని పాత నోటిఫికేషన్ మెయిళ్లలో వెతుక్కోవాలి.

రెండోది ఇంకా సున్నితమైనది. దిగుమతి స్క్రిప్టులు రాసేవారు "కంటికి కనిపించని అక్షరాలను తీసేద్దాం" అని ఒక శుద్ధి దశ పెడుతుంటారు. తెలుగులో జడ్‌డబ్ల్యూఎన్‌జే (పక్క అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని అక్షరం) తీసేస్తే రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అయిపోతుంది. మీది అక్షరదోషాల లైబ్రరీ కాబట్టి, ఆ ఒక్క అక్షరం ఉండటమూ లేకపోవటమూ గురించే కొన్ని బగ్‌లు ఉండి తీరతాయి. శుద్ధి దశ నడిచాక ఆ బగ్‌లో "వచ్చిన ఫలితం", "రావలసిన ఫలితం" రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఫిర్యాదు ఏమిటో ఎవరికీ అర్థం కాదు.

పాళీసిరా
తంగేడు గారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. మేము వాడదామనుకున్న స్క్రిప్టులో సరిగ్గా అలాంటి శుద్ధి దశ ఉంది. దాన్ని తీసేయించాను.

సున్నా_ఒకటి
మార్క్‌డౌన్ (గిట్‌హబ్ వ్యాఖ్యల్లో గుర్తులతో పాఠాన్ని తీర్చే పద్ధతి) సంగతి కూడా చూసుకోండి. బగ్‌జిల్లా వ్యాఖ్యలు సాదా పాఠం. జీడీబీ బ్యాక్‌ట్రేస్‌లో (ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో చూపే జాబితా) ప్రతి పంక్తీ హాష్ గుర్తు, నంబరుతో మొదలవుతుంది. అలాగే పోస్తే గిట్‌హబ్ వాటిని ఇష్యూ లింకులుగా తీసుకుంటుంది. మొదటి పది ఇరవై ఇష్యూల కింద "ఫలానా చోట ప్రస్తావించారు" అన్న పంక్తులు వందల్లో పేరుకుంటాయి. ఎట్ గుర్తుతో (@) కోడ్‌లో వచ్చే జావా అనొటేషన్లు, డాక్సీజన్ ట్యాగుల విషయం ఇంకా ఇబ్బందికరం, ఎందుకంటే ఆ పేర్లతో నిజంగానే ఖాతాలు ఉంటాయి, వాళ్లకు మెయిళ్లు వెళతాయి. పాత వ్యాఖ్యల్లో కోడ్ ఉన్న భాగాలను కోడ్ కంచెల (గిట్‌హబ్ వాటిని లింకులుగా మార్చకుండా ఆపే గుర్తులు) మధ్య పెట్టడమే దీనికి మందు.

రాత్రి_బిల్డ్
సున్నా_ఒకటి గారి మాటకు కొనసాగింపు. వ్యాఖ్యలను ఒక్కొక్కటిగా పంపకండి. గిట్‌హబ్ గంటకు ఇన్నేనని హద్దు పెడుతుంది, పైగా రిపోజిటరీని అనుసరించే ప్రతి ఒక్కరికీ మెయిళ్లు పోతాయి. ఇష్యూనూ దాని వ్యాఖ్యలన్నిటినీ ఒకే అభ్యర్థనలో పంపి, పాత తేదీలను కూడా ఇవ్వగలిగే దిగుమతి ఏపీఐ (స్క్రిప్టులు గిట్‌హబ్‌తో మాట్లాడే మార్గం) వేరే ఉంది. రచయిత పేరును మాత్రం అదీ మార్చలేదు. అందుకే ప్రతి వ్యాఖ్య మొదట్లో "రాసినవారు ఫలానా, ఫలానా తేదీన" అని ఒక పంక్తి చేర్చడం ఆనవాయితీ.

మరొకటి. పాత కమిట్‌ను వేరే శాఖ నుంచి ప్రధాన శాఖలోకి తెచ్చేటప్పుడు అందులో "ఫిక్సెస్" అని, పక్కన హాష్‌తో పాత నంబరు ఉంటే, గిట్‌హబ్ ఆ నంబరు గల కొత్త ఇష్యూను మూసేస్తుంది. మారాక కొన్ని నెలలపాటు దీన్ని గమనిస్తూ ఉండాలి.

కమిట్_కామయ్య
జోడింపు ఫైళ్లను ఇష్యూలోకి ఎక్కించే అధికారిక ఏపీఐ గిట్‌హబ్‌లో లేదు. 2022లో జిరా అనే ట్రాకర్ నుంచి మారిన అపాచీ లూసీన్ ప్రాజెక్టు వాళ్లు జోడింపుల కోసం విడిగా ఒక రిపోజిటరీ పెట్టి, ఇష్యూల నుంచి అక్కడికి లింకులు ఇచ్చారు. మీ తెరపట్టులకూ నమూనా పాఠాలకూ అదే పద్ధతి సరిపోతుంది.

నల్లేరు
అన్నీ తీసుకెళ్లాలనే నిర్ణయిస్తే, భద్రతా బగ్‌లను ముందే వేరు చేయండి. బగ్‌జిల్లాలో ఒక గుంపుకు మాత్రమే కనబడేలా బగ్‌ను దాచవచ్చు. గిట్‌హబ్ బహిరంగ రిపోజిటరీలో ఒక ఇష్యూను మాత్రమే దాచే వీలు లేదు. నిర్వాహకుడి హక్కులతో ఎగుమతి చేసిన ఫైలులో అవి కూడా కలిసి వస్తాయి.

అక్షరదోషం
నేను ప్రోగ్రామర్‌ని కాను, తెలుగు ఉపాధ్యాయురాలిని. ఈ లైబ్రరీ వాడే ఎడిటర్‌లో నాకు కనిపించిన తప్పులను ఏళ్లుగా బగ్‌జిల్లాలో రాస్తూ వచ్చాను. పైన పాళీసిరా గారు చెప్పిన విసర్గ చర్చలో ఉదాహరణ పదాలు ఇచ్చినవారిలో నేనూ ఉన్నాను. ఇప్పటివరకూ ఈమెయిలు ఉంటే చాలు. ఇక మీదట గిట్‌హబ్ ఖాతా, దానికి రెండంచెల ధ్రువీకరణ వంటివన్నీ కావాలంటే నా వంటివారు రాయడం మానేస్తారు. నాకు తెలిసిన ఇద్దరు ప్రూఫ్‌రీడర్లు ఇప్పటికే ఆ మాట అన్నారు. తప్పు పట్టగలిగేది భాష తెలిసినవారు. వారికి గుమ్మం మూసేసి ట్రాకర్‌ను ఎంత బాగా అమర్చుకున్నా అక్షరదోష లైబ్రరీకి ప్రయోజనం ఏమిటి?

ఇంకో విన్నపం. నా ఈమెయిలు చిరునామాను దయచేసి బహిరంగంగా పెట్టకండి. బగ్‌జిల్లాలో లాగిన్ అయినవారికి మాత్రమే అది కనిపించేది.

గోదారి_గట్టు
అక్షరదోషం గారు చెప్పినది ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. డెబియన్ బగ్ వ్యవస్థ ఈనాటికీ ఈమెయిలు మీదే నడుస్తుంది, బగ్ చెప్పడానికి ఖాతాయే అక్కరలేదు. మీరు కనీసం ఒక మెయిల్ చిరునామా పెట్టి, అక్కడికి వచ్చినవాటిని బృందంలో ఒకరు ఇష్యూలుగా నమోదు చేసే ఏర్పాటు చేయాలి. దిగుమతిలో పేరు మాత్రమే ఉంచి, ఈమెయిలులో ఎట్ గుర్తు నుంచి చివరిదాకా కత్తిరించండి.

బర్లిన్_నుంచి
ఈమెయిళ్లు రాసినవారి వివరాల్లోనే కాకుండా వ్యాఖ్యల లోపల కూడా ఉంటాయి. మెయిల్ ద్వారా జవాబిచ్చినవారి సంతకాల్లో ఫోన్ నంబర్లు సైతం కనిపించవచ్చు. వాటినీ వెతికించండి.

పాళీసిరా
అందరి మాటలూ విన్నాక బృందంలో మాట్లాడుకుని ఒక అభిప్రాయానికి వచ్చాం. మూసివేసినవాటితో సహా అన్ని బగ్‌లనూ తీసుకెళతాం. నల్లేరు గారికి ఇది నచ్చకపోవచ్చు గానీ, 1432 వంటి చర్చలు మూసివేసిన బగ్‌లలోనే ఎక్కువగా ఉన్నాయి. స్థిరమైన సంఖ్య కలిపే పద్ధతినే పాటిస్తాం. భద్రతా బగ్‌లు బయటికి రావు. ముందుగా ఒక ప్రైవేటు రిపోజిటరీలో మొత్తం పోసి చూస్తాం, అందులో తెలుగు పాఠాన్ని పాత పేజీలతో పోల్చి చదవడానికి అక్షరదోషం గారు సాయపడతానన్నారు. బగ్‌ల కోసం మెయిల్ చిరునామా ఉంటుంది, దాన్ని నేనూ మరో ఇద్దరమూ వంతులవారీగా చూస్తాం.

మిగిలిన సందేహం ఒక్కటే. పాత బగ్‌జిల్లా చిరునామాకు వచ్చేవారిని కొత్త చోటికి పంపాలంటే ఆ పాత సర్వర్‌ను నడుపుతూనే ఉండాలా?

నల్లేరు
నచ్చకపోవడమేమీ లేదు. 1432 ఉదాహరణ విన్నాక మూసివేసినవి కూడా తీసుకెళ్లాలనే నాకూ అనిపిస్తోంది.

రాత్రి_బిల్డ్
అక్కరలేదు. బగ్‌జిల్లా చిరునామా చివర ప్రశ్నార్థకం తరువాత బగ్ నంబరు ఉంటుంది కాబట్టి, దాన్ని చదివి 900 కలిపి దారి మళ్లించడానికి వెబ్ సర్వర్‌లో కొద్దిపాటి నియమం సరిపోతుంది. బగ్‌జిల్లా నడవడానికి కావలసిన పర్ల్ గానీ డేటాబేసు గానీ అవసరం ఉండదు. పాత పేజీల స్థిర ప్రతులను కూడా అక్కడే ఒక ఫోల్డరులో పెట్టండి, వాటికి నెలవారీ పనేమీ ఉండదు. తప్పనిసరిగా కాపాడుకోవలసింది డొమైన్ పేరు. అది ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో, గడువు ఎప్పుడో, రుసుము ఎవరి కార్డు నుంచి వెళుతోందో కనుక్కోండి. సర్వర్ చూసే ఆయన సొంత ఖాతాలో ఉంటే, ఆయన తప్పుకునేలోపే బృందంలో కనీసం ఇద్దరి అధీనంలోకి మార్పించుకోండి. పాత నంబరు, కొత్త నంబరు జతల పట్టికను ఒక సాదా ఫైలుగా రిపోజిటరీలోనే కమిట్ చేస్తే, క్లోన్ చేసుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా అది ఉంటుంది.

పాళీసిరా
డొమైన్ ఆయన పేరు మీదే ఉంది, గడువు వచ్చే మార్చి వరకూ ఉంది. ఈ రాత్రే ఆయనతో మాట్లాడతాను.